సెకండ్‌హ్యాండ్ ఆర్వీ-6ని ఇంటికి తెచ్చుకోవడం, ఆ తర్వాత దాని మీద చెయ్యి వెయ్యడం

బాబూ, నువ్వడిగింది ముందు రెండు ముక్కల్లో రాసేస్తాను, మిగతావాళ్ళకి తెలియాలి కదా. మీది ఒడిశాలో రాయగడ, ఉద్యోగం డల్లాస్‌లో. ఒహాయోలో డేటన్ దగ్గర ఒకాయన నుంచి 1993లో ఇంట్లో కట్టిన ఆర్వీ-6 అనే రెండు సీట్ల చిన్న విమానం కొన్నావు. 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320 ఇంజన్, చెక్క ప్రొపెల్లర్, మూడో చక్రం తోక కింద ఉండే టెయిల్‌వీల్ రకం. దాన్ని డల్లాస్ దాకా నువ్వే ఎగరేసుకుని తెచ్చుకోవచ్చా అన్నది ఒకటి. తెచ్చాక గ్లాస్ ప్యానెల్ (ముళ్ళ మీటర్ల బదులు తెరలు), ఆటోపైలట్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, కాన్‌స్టంట్ స్పీడ్ ప్రాప్ (ఎగురుతుండగా బ్లేడ్ల కోణం తనే సర్దుకునే ప్రొపెల్లర్), పెయింట్, వీటిలో ఏది ముందు అన్నది రెండోది.

నా సంగతి కూడా చెప్తాను. మాది గుణుపురం. 24 ఏళ్ళు టెక్సాస్‌లో ఏ అండ్ పి మెకానిక్‌గా, అంటే విమానం బాడీకీ ఇంజన్‌కీ రెండింటికీ సంతకం పెట్టగల మెకానిక్‌గా పనిచేసి, 2019లో వచ్చేసి పర్లాకిమిడిలో ఉంటున్నాను. 2008లో నేనూ నీలాగే ఒక ఆర్వీ-6 కొని ఇండియానా నుంచి తెచ్చుకున్నాను, పదేళ్ళు నడిపాను. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా చిన్నోడి వయసు నీది.

తెచ్చుకోవచ్చు. కాకపోతే కొన్న రోజున కాదు, కొన్న వారానికి కూడా కాకపోవచ్చు. ఇక మార్పులంటావా, ఇంటికొచ్చాక ఓ 50 గంటలు ఎగిరేదాకా పాడైనవి మార్చడం, ఇంజన్ వేడి చూపించే మానిటర్ ఒకటి పెట్టడం తప్ప ఇంకేమీ ముట్టుకోకు. డబ్బులు చేతిలో ఉన్నాయి కాబట్టి నీకిది నచ్చదని తెలుసు.

మన వైపు ఇంట్లో కట్టిన విమానం అంటే నవ్వుతారు. "ఎవడో గ్యారేజీలో బిగించినదా నాయనా" అని మీ అమ్మగారు అడిగారని రాశావు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు, నిజంగా గ్యారేజీలో బిగించినదే. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఆయన ఆరెగాన్‌లో పెట్టిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ రేకులు, డ్రాయింగులు ఇస్తుంది, కట్టుకోవాల్సింది కొన్నవాడే. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చెయ్యాలని అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ రూలు, 51 శాతం రూల్ అంటారు దాన్ని. పైగా ఆర్వీ-6 కాలంలో రేకులకి చిల్లులు కూడా చాలావరకు కట్టేవాడే కొలుచుకుని వేసుకోవాల్సి వచ్చేది. అంచేత ఏ రెండు ఆర్వీ-6లూ ఒకలా ఉండవు. ఊళ్ళో మేస్త్రీ కట్టిన ఇల్లు ఎలాగో ఇదీ అంతే, ఏ గోడలోంచి ఏ పైపు వెళ్ళిందో కట్టినవాడికే ఎరుక. ఇంటర్నెట్‌లో ఇంకొకడి ఆర్వీ-6 గురించి చదివి నీది కూడా అంతే అనుకోకు.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తాను. నీకు పోయినేడాది గ్రీన్‌కార్డ్ వచ్చిందన్నావు, బతికిపోయావు. మన పిల్లలు చాలామందికి తెలియక బోర్లా పడే చోటు ఇది. హెచ్-1బి మీద ఉన్నవాడు అక్కడ పైలట్ లైసెన్స్ తెచ్చుకోవచ్చు, విమానానికి డబ్బు కూడా కట్టొచ్చు, కానీ అమెరికా నంబరు మీద తన సొంత పేరున రిజిస్టర్ చేయించుకోలేడు. పౌరుడై ఉండాలి, లేదా పర్మనెంట్ రెసిడెంట్ అయి ఉండాలి. కానివాళ్ళు ట్రస్టులు పెట్టి తిప్పలు పడతారు. నీకు ఆ బాధ లేదు కాబట్టి బిల్ ఆఫ్ సేల్, రిజిస్ట్రేషన్ అప్లికేషన్ పంపేసి, అప్లికేషన్ కాపీ విమానంలో పెట్టుకో. ఆ తర్వాత గులాబీ రంగు ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ వెనక "ఆపరేటింగ్ లిమిటేషన్స్" అని కొన్ని పేజీలు ఉంటాయి, అవి ఉన్నాయో లేవో నీ కళ్ళతో చూసుకో. ఫ్యాక్టరీ విమానాలకి లేని సంగతి ఇది, ఇంట్లో కట్టిన ప్రతి విమానానికీ తన సొంత షరతుల ఉత్తరం ఒకటి ఉంటుంది. ఆ పేజీలు పోతే సర్టిఫికెట్ కూడా చెల్లదు. ఎంత పెద్ద మార్పు చేస్తే మళ్ళీ టెస్ట్ ఫ్లైట్లు చెయ్యాలో ఉండేది కూడా అందులోనే, ఆ మాటకి తర్వాత వస్తాను.

ఇంకొకటి. కట్టినాయనకి ఆ ఒక్క విమానానికి రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఇస్తారు, ఏటా జరిగే కండిషన్ ఇన్‌స్పెక్షన్ ఆయనే చేసి సంతకం పెట్టుకోవచ్చు. విమానం కొన్నంత మాత్రాన ఆ హక్కు నీకు రాదు. రిపేర్లు, మార్పులు నువ్వు చేసుకోవచ్చు, ఏడాదికోసారి సంతకానికి మాత్రం ఏ అండ్ పి మెకానిక్‌ని పట్టుకోవాలి. డల్లాస్ చుట్టుపక్కల ఆర్వీలు తెలిసినవాళ్ళకి కొదవ లేదు, ఇప్పటినుంచే ఒకరితో పరిచయం పెంచుకో.

ఇక అసలు సంగతి. నువ్వు పంపిన లాగ్‌బుక్ పేజీలు ఫోన్‌లో చదవలేక బజారుకెళ్ళి జెరాక్స్ తీయించుకుని అరుగు మీద కూర్చుని చూశాను. ఇంజన్ లాగ్‌లో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. 2017 నుంచి 2021 దాకా, నాలుగేళ్ళలో, మొత్తం 14 గంటలు. ఆ పేజీ మీద నీ కన్ను పడిందో లేదో. మొత్తం 900 గంటలే తిరిగిన ఇంజన్ అని నువ్వు సంబరపడుతున్నావు, లైకమింగ్ చెప్పే ఓవర్‌హాల్ గడువు, అంటే ఇంజన్ మొత్తం విప్పి బాగుచెయ్యాల్సిన గడువు, 2000 గంటలు కదా అని. ఆ కంపెనీయే 12 ఏళ్ళు అని కూడా చెప్తుంది, అది ఎవరికీ గుర్తుండదు. లైకమింగ్‌లో వాల్వుల్ని తెరిపించే క్యామ్‌షాఫ్ట్ ఇంజన్ పైభాగంలో, క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. ఇంజన్ ఆపేసి వదిలేస్తే ఆయిలంతా కిందికి జారిపోతుంది, కొన్ని వారాలకి క్యామ్ పొడిగా మిగులుతుంది, చెమ్మ తగిలి సన్నగా తుప్పు పడుతుంది. ఆ తుప్పు చుక్కల మీద ట్యాపెట్లు రాసుకుని రాసుకుని క్యామ్ అరిగిపోతుంది. తిరగని ఇంజన్ కంటే తిరిగి తిరిగి అలిసిన ఇంజనే నయం. మా నాన్నగారికి గుణుపురంలో రైసు మిల్లు ఉండేది, సీజన్ అయిపోయాక కూడా వారానికోసారి ఆ డీజిల్ ఇంజన్ తిప్పించేవారు. "డీజిల్ దండగ కదా" అని నేనడిగితే మాట్లాడేవారు కాదు, ఇప్పుడు అర్థమవుతోంది.

కాబట్టి డబ్బు పూర్తిగా చేతులు మారకముందే, అమ్మినాయనకి సంబంధం లేని మెకానిక్ చేత ఈ నాలుగు చూపించు. ఆయిల్ ఫిల్టర్ కోసి లోపలి కాగితం మడతల్లో ఇనప రజను ఉందేమో చూడాలి, అయస్కాంతానికి అంటుకునేదైతే క్యామ్ మీద అనుమానపడాలి. వీలైతే ఒక సిలిండర్ విప్పి క్యామ్‌ని నేరుగా చూడొచ్చు, అమ్మేవాళ్ళు చాలామంది ఒప్పుకోరు గానీ అడగడంలో తప్పులేదు. ప్లగ్గు రంధ్రంలోంచి బోరోస్కోప్ అనే సన్న గొట్టం కెమెరా పెట్టి ఎగ్జాస్ట్ వాల్వుల ఫొటోలు తియ్యాలి. కంప్రెషన్ నాలుగు సిలిండర్లకీ చూసి నంబర్లు రాసివ్వమనాలి. వీటితో పాటు తోక దగ్గర, హారిజాంటల్ స్టెబిలైజర్ (తోక అడ్డ రెక్క) లోపలి ముందు దూలంలో, అంటే స్పార్‌లో, పగుళ్ళు చూడమని 2014లో వాన్స్ వాళ్ళ సర్వీస్ బులెటిన్ ఒకటి వచ్చింది, ఆర్వీ-6కి వర్తిస్తుంది. నీ లాగ్‌బుక్‌లో దాని ప్రస్తావన ఎక్కడా కనిపించలేదు, మరి చూశారో లేదో అడుగు.

ఇప్పుడు నా కథ చెప్తాను. "కొన్న రోజున కాదు" అని ఎందుకన్నానో దీంతో తెలుస్తుంది.

2008 మార్చి. విమానం నా చేత్తో నేనే చూసుకున్నాను, మెకానిక్‌ని కదా అని గర్వం. చెక్కు ఇచ్చాను, రన్‌వే చుట్టూ మూడు చక్కర్లు కొట్టాను, బాగుంది, మర్నాడు పొద్దున్నే బయల్దేరిపోయాను. ఆర్వీ-6లో రెక్కకొకటి చొప్పున రెండు ట్యాంకులు, ఒక్కోదాంట్లో 19 గ్యాలన్లు. సెలెక్టర్‌కి ఎడమ, కుడి, ఆఫ్ ఉంటాయి, రెండూ కలిపి తాగే ఏర్పాటు ఉండదు. మొదటి దఫా హాయిగా గడిచింది. రెండో దఫా అర్కాన్సా ఈశాన్యం మూల మీదుగా పోతున్నాను, కింద చూస్తే ఎటు చూసినా మళ్ళు కట్టిన పొలాలు. అమెరికాలో వరి ఎక్కువగా పండేది ఆ రాష్ట్రంలోనే. వంశధార పక్కన మా ఊరి పొలాల మీద ఎగురుతున్నట్టే ఉందని మురిసిపోతూ కుడి ట్యాంక్‌కి మార్చాను. పావుగంట గడిచింది. ముందు ఫ్యూయల్ ప్రెషర్ ముల్లు వణికింది. తర్వాత ఇంజన్ ఒకసారి దగ్గినట్టయింది, ఇంకోసారి, ఆ తర్వాత చప్పుడు సన్నబడిపోయింది. బూస్ట్ పంప్, అంటే పెట్రోలు తోసే కరెంటు పంపు, ఆన్ చేసి సెలెక్టర్ ఎడమకి తిప్పాను. మళ్ళీ అందుకోవడానికి పట్టింది నాలుగైదు సెకన్లే అయి ఉంటుంది, నా లెక్కలో మాత్రం ఇప్పటికీ అది అరగంటే.

ఆ పొలాల మధ్య మందులు, విత్తనాలు చల్లే విమానాల కోసం వేసుకున్న సన్నటి రన్‌వే ఒకటి కనబడితే దిగిపోయాను. అక్కడి మెకానిక్, 70 ఏళ్ళ పెద్దాయన, ఏమైందని కూడా అడగలేదు, వచ్చి పెట్రోలులోని చెత్త, నీళ్ళు ఆగే గ్యాస్కొలేటర్ గిన్నె విప్పి నా అరచేతిలో బోర్లించాడు. పెట్రోలు కారిపోయాక చేతిలో మిగిలింది చూస్తే వెల్లుల్లి పొట్టు. అచ్చం అలాగే, తెల్లగా, పల్చగా, నలిపితే ముడుచుకునే పొరలు. పాత రోజుల్లో ట్యాంకులు కారకుండా లోపల ఒక ద్రవం పోసి అటూ ఇటూ కుదిపి పూత పట్టించేవాళ్ళు, స్లోష్ అంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పూత పెట్రోలులో నాని పొరలు పొరలుగా ఊడి వచ్చి జాలీలకి అడ్డం పడుతుంది. నాకు అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. ఆయన ఎప్పుడూ ఆదివారం పొద్దున్న పావుగంట, ఇరవై నిమిషాలు తిరిగి వచ్చేవాడు, ఒకే ట్యాంక్ మీద గంట సేపు ఎగిరిందే లేదు. అందుకని ఆయనకీ తెలియదు.

కుడివైపు ఉన్నదే ఎడమవైపూ ఉంటుంది కదా. విమానం అక్కడే వదిలేసి బస్సెక్కి ఇంటికెళ్ళాను. తర్వాత మూడు వారాంతాలు అర్కాన్సా వెళ్ళి రెండు ట్యాంకులూ విప్పి, లోపలి పొరంతా కరిగించి, గీకి, కడిగి, మళ్ళీ బిగించుకుని తెచ్చుకున్నాను. మా ఆవిడ ఆ నెలంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నీది 1993 నాటిది. స్లోష్ వాడిన కాలమే. కట్టినాయన బతికే ఉన్నాడన్నావు కాబట్టి ఫోన్ చేసి సూటిగా అడుగు. అడిగినా అడగకపోయినా, డేటన్‌లో ఓ వారం ఉండేలా సెలవు పెట్టుకో. అమ్మినాయన ఎయిర్‌పోర్ట్ చుట్టూనే, ఇంజన్ ఆగినా రన్‌వే మీద దిగగలిగే ఎత్తులో, ఎడమ ట్యాంక్ మీద ఒక గంట, కుడి ట్యాంక్ మీద ఒక గంట ఎగురు. దిగి గ్యాస్కొలేటర్ విప్పి చూడు, కార్బ్యురేటర్ దగ్గర జాలీ తీయించి చూడు. మళ్ళీ అంతే ఎగురు. మళ్ళీ విప్పు. రెండోసారి శుభ్రంగా ఉంటే అప్పుడు మ్యాప్ తెరువు. ఇంజన్ కింద, ఇంజన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య అడ్డుగోడ ఫైర్‌వాల్ దగ్గర రబ్బరు గొట్టాలుంటాయి, వాటి మీద తయారీ తేదీ ఉన్న చీటీ వెతుకు. నేను 1991 తేదీ ఉన్న గొట్టం 2008లో చూశాను, వంచితే అప్పడంలా పెటపెటమంది. తేదీ లేకపోయినా, పాతదైనా, ఆలోచించకుండా మార్చెయ్యి. ఇది అప్‌గ్రేడ్ కిందికి రాదు.

ఆ వారంలోనే నీ చెయ్యి కూడా కుదురుకుంటుంది. టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంట్ ఉందన్నావు, అది సెస్నాలు, సైటబ్రియాల లాంటి శిక్షణ విమానాల మీద వచ్చిందే కదా. ఆర్వీలు మంచి విమానాలు, దుడుకువి కావు, కానీ చెయ్యి కదిపీ కదపకముందే తిరుగుతాయి, దిగేటప్పుడు వేగం ఓ పది మైళ్ళు ఎక్కువైతే రన్‌వే అంతా తేలుతూనే పోతాయి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆర్వీలో అనుభవం ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌తో ఇన్ని గంటలని షరతు పెడతారు. వాళ్ళు ఐదు అంటే నువ్వు పది చేసుకో. ఆ ఇన్‌స్ట్రక్టర్‌నే డల్లాస్ దాకా వెంట తెచ్చుకుంటే ఇంకా మంచిది, తిరుగు టికెట్, రెండు రోజుల కూలి, అంతే కదా ఖర్చు.

ఇద్దరు కూర్చుంటే మాత్రం బరువు లెక్క జాగ్రత్త. ఆర్వీల్లో ట్యాంకులు రెక్క ముందు అంచులో, బరువు కేంద్రానికి ముందు ఉంటాయి. పెట్రోలు అయిపోతున్నకొద్దీ బరువు వెనక్కి జరుగుతుంది. పైగా నీది చెక్క ప్రాప్, ముక్కు అసలే తేలిక. బయల్దేరేటప్పుడు సరిగ్గా ఉన్న లెక్క దిగేటప్పటికి గీత దాటిపోవచ్చు, సీట్ల వెనక రెండు సూట్‌కేసులు పడేస్తే మరీను. లెక్క రెండుసార్లు కట్టు, నిండు ట్యాంకులతో ఒకసారి, ఖాళీ అవబోతున్నప్పుడు ఒకసారి. సామాను పార్సిల్‌లో పంపించెయ్యి.

దారి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. డేటన్ నుంచి డల్లాస్‌కి నేరుగా 850 మైళ్ళు, దాటాల్సిన పెద్ద కొండలు లేవు. పడమటి గాలి ఎదురొస్తుంది కాబట్టి గంటకి 150 మైళ్ళు లెక్కేసుకో, ఆరు గంటల లోపే. 38 గ్యాలన్లు, గంటకి ఎనిమిదిన్నర తాగుతుంది, ఒక్కసారి ఆగితే చాలు కదా అని నీ బుర్ర లెక్కలు కడుతుంది. అలా చెయ్యకు. రెండు చోట్ల దిగు, రెండు గంటలకొకసారి. దిగిన ప్రతిచోటా కౌలింగ్ (ఇంజన్ మీది మూత) తలుపు తీసి టార్చితో చూడు, ఆయిల్ ఎంత తాగిందో రాసుకో. పగలు 30 నిమిషాల రిజర్వ్ చాలని రూల్ అంటుంది, కొత్త విమానంలో నాది గంట రూల్, ఎందుకంటే దాని ఫ్యూయల్ గేజీలు నిజం చెప్తాయో లేదో నీకింకా తెలియదు. కంట్రోలర్లని అడిగి ఫ్లైట్ ఫాలోయింగ్ తీసుకో, అంటే వాళ్ళు రాడార్‌లో నిన్ను చూస్తూ ఉంటారు, డబ్బులేమీ అడగరు, ఇంజన్ దగ్గితే దగ్గర్లో రన్‌వే ఎటుందో చెప్పేవాడు ఒకడు లైన్లో ఉంటాడు. డల్లాస్ చుట్టూ 30 మైళ్ళ వలయంలోకి రావాలంటే విమానం ఎక్కడుందో తనే రేడియోలో చెప్పే ఏడీఎస్-బి ఉండాలి, 2020 జనవరి నుంచి రూలు, నీ దాంట్లో ఉందో లేదో ఫొటోల్లో తెలియలేదు. విమానం కూలితే సాయం కోసం సిగ్నల్ పంపే ఈఎల్‌టీ 121.5 మెగాహెర్ట్జ్ రకమైతే దాన్ని నమ్ముకోకు, ఉపగ్రహాలు ఆ ఫ్రీక్వెన్సీ వినడం 2009లోనే మానేశాయి. చేతిలో పట్టుకునే, ఉపగ్రహాలు వినే 406 రకం బీకన్ ఒకటి కొని జేబులో పెట్టుకో. విమానంలో కాదు, జేబులో.

వానలోకి మాత్రం వెళ్ళకు. చెక్క ప్రాప్ ముందు అంచుకి లోహపు పట్టీ లేకపోతే వాన చినుకులే దాన్ని ఉలితో చెక్కినట్టు తినేస్తాయి. చినుకులు తగిలితే ఆర్‌పీఎం తగ్గించుకుని పక్కకి తప్పుకో. ఏప్రిల్, మే నెలల్లో ఆ దారిలో మధ్యాహ్నం దాటితే మబ్బులు ఎలా లేస్తాయో నీకు నేను చెప్పక్కర్లేదు, కాలబైశాఖి, మన వైపు వేసవి గాలివానలు, చూసి పెరిగినవాడివి. రెండింటికల్లా మహేంద్రగిరి మీద నల్లగా కమ్మితే మేం డాబా మీద వడియాలు తీసేస్తాం. నువ్వూ పన్నెండింటికల్లా దిగి విమానం కట్టేసుకో. సోమవారం ఆఫీసు ఉందని ఆదివారం సాయంత్రం బయల్దేరినవాళ్ళ కథలు అక్కడి ప్రమాద నివేదికల్లో కావలసినన్ని ఉంటాయి.

ఇల్లు చేరావనుకుందాం. ఇప్పుడు మార్పులు.

నువ్వు రాసిన జాబితాలో గ్లాస్ ప్యానెల్ మొదట ఉంది. నేనైతే చివరికి తోసేస్తాను. తెరలు బాగుంటాయి, కాదనను, గార్మిన్ అయినా డైనాన్ అయినా. ఇంట్లో కట్టినవి ఎక్స్‌పెరిమెంటల్ తరగతి కాబట్టి ఫ్యాక్టరీ విమానంలో పెట్టాలంటే పట్టే అనుమతుల తతంగం నీకు లేదు. కానీ ప్యానెల్ విప్పితే ఏం జరుగుతుందో చాలాసార్లు చూశాను. మూడు నెలలనుకున్నది ఏడాది పడుతుంది, 20 వేల డాలర్లు దాటిపోతుంది, ఈలోగా ఇంజన్ మళ్ళీ హ్యాంగర్‌లో పడి ఉంటుంది. దాని చరిత్రలో నాలుగేళ్ళ నిద్ర ఒకసారి అయింది కదా, రెండోసారి నువ్వు పడుకోబెడతావా?

ముందు కొనాల్సింది ఇంజన్ మానిటర్. నాలుగు సిలిండర్ల టెంపరేచర్లు విడివిడిగా చూపించేది, రికార్డు చేసేది. ఇప్పుడు నీకున్నది ఒకే సిలిండర్‌కి ఒక ముల్లు. మిగతా మూడూ ఏం చేస్తున్నాయో దేవుడికి తెలియాలి. లైకమింగ్ గరిష్ఠం 500 ఫారన్‌హీట్ అని రాస్తుంది, అది చచ్చే గీత, బతికే గీత కాదు. క్రూజ్‌లో 400 దాటనివ్వకు. దాటితే వెంటనే పెద్ద పెద్ద ఆలోచనలు చెయ్యకు, ఇంజన్ చుట్టూ గాలిని మళ్ళించే రేకులకి, బేఫిల్స్‌కి, అంటించిన రబ్బరు పట్టీలు చూడు. అవి గట్టిపడి వెనక్కి మడత పడితే గాలి సిలిండర్ల మధ్యలోంచి కాకుండా పక్కనుంచి జారిపోతుంది. కొత్త పట్టీలకి పెద్ద ఖర్చు ఉండదు, ఒక ఆదివారం పని. నా దాంట్లో వెనక సిలిండర్ 430 నుంచి 385కి దిగింది, ఆ పట్టీలతోనే.

ఆ మానిటర్ డేటా 50 గంటలది పోగుపడితే నీ విమానం నీకు అర్థమవుతుంది. ఏ వాల్వ్ అతుక్కుంటోంది, ఏ ప్లగ్ మురికి పడుతోంది, అన్నీ. ఆ తర్వాత మాగ్నెటోల సంగతి, ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చేవి అవే. చివరిసారి ఎప్పుడు విప్పి చూశారో లాగ్‌లో లేదు, 500 గంటలకొకసారి చూడాలి. ఎలాగూ ఒకటి మార్చాల్సి వస్తే దాని స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టు, రెండోది మాగ్నెటోగానే ఉంచు. రెండూ ఒకేసారి మార్చి, రెండూ ఒకే బ్యాటరీ మీద ఆధారపడేలా చేసి, ఆల్టర్నేటర్ పోయినప్పుడు ఏడ్చినవాణ్ణి ఒకణ్ణి తెలుసు. ఇంజన్ తిరుగుతున్నంతసేపు తన కరెంటు తనే తయారు చేసుకునే రకాలున్నాయి, అవి మేలు.

కాన్‌స్టంట్ స్పీడ్ ప్రాప్ గురించి. ముందు నీ ఇంజన్ పూర్తి మోడల్ నంబరు చూడు, ఓ-320 తర్వాత ఉండే అక్షరాలు. కొన్నింటికి ప్రాప్ కోణాన్ని ఆయిల్ ఒత్తిడితో మార్చే గవర్నర్ బిగించే చోటే ఉండదు, క్రాంక్‌షాఫ్ట్‌లోంచి ప్రాప్‌కి ఆయిల్ వెళ్ళే దారి ఉండదు. అలాంటిదైతే ఆ ముచ్చట అక్కడితో సరి. ఉన్నదైతే, టేకాఫ్ బ్రహ్మాండంగా ఉంటుంది, ముక్కు బరువెక్కుతుంది కాబట్టి ఇందాకటి వెనక బరువు సమస్య కూడా తగ్గుతుంది. కానీ అది పెద్ద మార్పు కిందికి వస్తుంది. ఆపరేటింగ్ లిమిటేషన్స్ అన్నానే, వాటి ప్రకారం లాగ్‌లో రాసి, మళ్ళీ కనీసం 5 గంటలు ఒక్కడివే టెస్ట్ ఫ్లైట్లు చెయ్యాలి, పాత ఉత్తరాల్లో ముందు ఎఫ్ఏఏ ఆఫీసుకి తెలియజేయమని కూడా ఉంటుంది. నీ పేజీల్లో ఏముందో దాన్ని బట్టి. అప్పటిదాకా ఉన్న చెక్క ప్రాప్ బోల్టుల బిగువు చూడటం మర్చిపోకు. చెక్క చెమ్మకి ఉబ్బుతుంది, పొడి గాలికి బిగుసుకుని సన్నబడుతుంది. ఒహాయో నుంచి టెక్సాస్ వచ్చిన మొదటి నెలలోనే చూడు, తర్వాత సీజన్ మారినప్పుడల్లా. వానాకాలంలో పట్టేసిన తలుపు వేసవిలో వదులైనట్టే ఇదీను.

ఆటోపైలట్ పెట్టుకో, తప్పులేదు, ఒక్కడివే దూరం వెళ్ళేటప్పుడు మ్యాప్ చూసుకోవడానికి రెండు చేతులు దొరుకుతాయి. అప్పుడు పాత మీటర్లని గాలి పీల్చి తిప్పే వాక్యూమ్ పంప్ తీసేసి తెరలకి మారాలనిపిస్తుంది, ఆ పంపులు చెప్పాపెట్టకుండా పోతాయి కాబట్టి అదీ సబబే. తీసేస్తే బ్యాకప్ బ్యాటరీ తప్పనిసరి. పని మొదలుపెట్టే ముందు పాత వైరింగ్ మొత్తం నీ చేత్తో కాగితం మీద గీసుకో. 1993 నుంచి నీ దాకా ముగ్గురు ఓనర్లు ఆ ప్యానెల్ వెనక చేతులు పెట్టారు, ఎటూ వెళ్ళని వైర్లు కనీసం ఐదారు దొరుకుతాయి, రాసిపెట్టుకో. నా దాంట్లో తొమ్మిది దొరికాయి, అందులో ఒకదాంట్లో కరెంటు ఉంది. అంతా అయ్యాక విమానాన్ని మూడు తూకాల మీద నిలబెట్టి మళ్ళీ తూచు. ఇంట్లో విమానాలు కట్టేవాళ్ళ సంఘం ఈఏఏ, దాని ఊరూరి చాప్టర్లలో తూకాలు అరువిస్తారు, రెండు డోనట్ల పెట్టెలు పట్టుకెళ్ళు.

పెయింట్ గురించి నాకేం అభిప్రాయం లేదు. నాది పదేళ్ళూ వెలిసిపోయిన రంగుతోనే ఎగిరింది.

చివర్లో సరదాగా అడిగావు, ఎప్పటికైనా దీన్ని ఇక్కడికి తెచ్చి మన ఒడిశా జైపూర్‌లో (రాజస్థాన్‌ది కాదు) దింపొచ్చా అని. జైపూర్ రన్‌వే మీద 2022 నుంచి భువనేశ్వర్ సర్వీసు మొదలైంది, సెస్నా క్యారవాన్‌ది, కాబట్టి చోటు లేదనలేను. అనుమతుల సంగతే వేరు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు, రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి అనుమతి 2019లో. పేపర్లలో ఫొటోలు పడ్డ మనిషికే అన్నేళ్ళు. నువ్వు డల్లాస్‌లోనే ఎగురు, దసరాకి మజ్జిగౌరి అమ్మవారి దర్శనానికి మామూలుగా టికెట్ కొనుక్కుని రా.

అన్నట్టు, నీ విమానంలో ఏడీఎస్-బి ఉంటే మీ అమ్మగారు రాయగడలో కూర్చుని ఫోన్‌లో నిన్ను చుక్కగా చూడగలరు. నా మాట విని ఆ యాప్ ఆవిడకి ఇప్పుడే చూపించకు, చూపిస్తే మాత్రం ఒకటి ముందే చెప్పు. చిన్న ఎయిర్‌పోర్టుల దగ్గర కిందికి దిగేటప్పుడు సిగ్నల్ అందక ఆ చుక్క గాల్లోనే ఆగిపోతుంది, పెట్రోలు పోయించుకుని మళ్ళీ లేచేదాకా కనబడదు. అక్కడ మధ్యాహ్నం అంటే ఇక్కడ అర్ధరాత్రి. దిగిన ప్రతిచోటా ముందు ఆవిడకి ఒక మెసేజ్ పెట్టి, ఆ తర్వాత కౌలింగ్ తియ్యి. బోరోస్కోప్ ఫొటోలు వచ్చాక నాకూ పంపు, ఈసారి కాస్త పెద్ద సైజులో.